మీ సొంత సైట్‌కి మీ సొంత ప్రోగ్రాం: తెలుగు రాతల కోసం కట్టుకోవడం, ఏళ్ల తరబడి నడుపుకోవడం

ఎవరి పేజీలు వాళ్లు ఉచితంగా పెట్టుకున్న జియోసిటీస్ అనే సైట్ 2009 అక్టోబర్‌లో మూతపడింది. 2014 సెప్టెంబర్ 30న ఆర్కుట్ పోయింది. 2019 ఏప్రిల్‌లో గూగుల్ ప్లస్ కూడా అదే దారి పట్టింది. గడువులోపు తమ రాతలు దించుకోనివాళ్లలో చాలామందికి అవి మళ్లీ దక్కలేదు. ఇవాళ ఫేస్‌బుక్‌లో రాస్తున్న కథలు, జ్ఞాపకాలు పదేళ్ల తర్వాత ఎక్కడ ఉంటాయో తేల్చేది మనం కాదు. రాసింది నిలవాలనుకునేవాళ్లకు సొంత సైట్ ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. ఇంకో మాట కూడా అంటాను: ఆ సైట్‌ని తయారుచేసే ప్రోగ్రాం కూడా మీరే రాసుకోండి. అది రెండు మూడు వందల లైన్లు దాటదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కాస్త తెలిసినవాళ్లు ఒక శని, ఆదివారాల్లో మొదటి రూపం నిలబెట్టగలరు.

వర్డ్‌ప్రెస్ ఉండగా ఇదంతా ఎందుకని చాలామంది అడుగుతారు. 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్ ఇవాళ ప్రపంచంలోని సైట్లలో నలభై శాతానికి పైగా నడుపుతోంది. పదిమంది కలిసి రాసే పత్రికకో, దుకాణానికో అది సరైన ఎంపికే. కానీ దాని వెనక డేటాబేస్ ఉంటుంది, థీమ్ ఉంటుంది, ప్లగిన్లు ఉంటాయి. వీటన్నిటికీ అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి, కొన్నాళ్లు పట్టించుకోకపోతే ఎవడో లోపలికి దూరతాడు. ఒక్క మనిషి రాసుకునే వ్యాసాలకు అంత యంత్రాంగం అక్కర్లేదు. మన కంప్యూటర్‌లోనే పేజీలన్నీ ముందుగా తయారుచేసి, తయారైన ఫైళ్లను మాత్రమే సర్వర్‌లో పెడితే చాలు. దీన్నే స్టాటిక్ సైట్ అంటారు. సర్వర్ మీద మన ప్రోగ్రాం ఏదీ నడవదు కాబట్టి, హోస్టింగ్ ఖాతా పాస్‌వర్డ్ జాగ్రత్తగా ఉన్నంతవరకు, హ్యాక్ అవుతుందన్న టెన్షన్ దాదాపు ఉండదు.

హ్యూగో, జెకిల్, ఎలెవెంటీ లాంటి స్టాటిక్ సైట్ ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతాయి. అవి మంచివే. కాకపోతే వాటి వెర్షన్లు మారినప్పుడు మన టెంప్లేట్లు, అంటే పేజీల అచ్చులు, విరుగుతుంటాయి, ఆ మార్పు వాళ్లకు వీలైనప్పుడు జరుగుతుంది కానీ మనకు వీలైనప్పుడు కాదు. మనం రాసుకున్నది మనం ముట్టుకుంటేనే మారుతుంది.

పనిలోకి దిగే ముందు ఒక్క నియమం మనసులో పెట్టుకోండి. దాచుకోవాల్సింది పాఠం, అంటే మీరు రాసిన రాత, ప్రోగ్రాం కాదు. ప్రోగ్రాం మొత్తం పోయినా, మీ వ్యాసాల ఫైళ్లు ఒక్కటి కూడా ముట్టుకోకుండా ఇంకోటి రాసుకోగలగాలి. కింద చెప్పే ప్రతి నిర్ణయం వెనకా ఈ నియమమే ఉంది.

ముందు పాఠం ఫైళ్లు

ఒక్కో వ్యాసానికి ఒక్కో మామూలు టెక్స్ట్ ఫైల్. వర్డ్ ఫైల్ వద్దు, పీడీఎఫ్ వద్దు. ఫైల్ పైన నాలుగు లైన్ల వివరాలు, తర్వాత ఒక ఖాళీ లైను, దాని కింద వ్యాసం. ప్రోగ్రాం మనదే కాబట్టి ఆ వివరాల పేర్లు కూడా తెలుగులోనే పెట్టుకోవచ్చు:

శీర్షిక: మొజంజాహీ మార్కెట్ గడియారం
తేదీ: 2025-01-12
స్థితి: చిత్తు

నాలుగో లైను "చిరునామా". అది మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండాలి, ఎందుకో తర్వాత చెబుతాను. తేదీని ఏడాది, నెల, రోజు వరసలోనే రాయండి. అలా రాస్తే అక్షర క్రమంలో పేర్చినా కాలక్రమమే వస్తుంది.

వ్యాసంలోపల ఉపశీర్షికలకు, లింకులకు, బొద్దు అక్షరాలకు మార్క్‌డౌన్ వాడండి. 2004లో జాన్ గ్రూబర్ రూపొందించిన ఈ పద్ధతిలో ఉపశీర్షిక ముందు హ్యాష్ గుర్తు, బొద్దు మాటకు అటూ ఇటూ రెండేసి నక్షత్రాలు, అంతే. ఏ ప్రోగ్రామూ లేకపోయినా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. నాకు నచ్చింది అదే.

తెలుగు రాసేవాళ్లు మార్క్‌డౌన్‌లో రెండు చోట్ల దెబ్బతింటారు. ఒకటి పద్యం. మార్క్‌డౌన్ మామూలుగా లైను విరుపును లెక్కచేయదు, నాలుగు పాదాలూ కలిసిపోయి ఒకటే పేరా అవుతుంది. ప్రతి పాదం చివర రెండు ఖాళీలు వదలొచ్చు కానీ అవి కంటికి కనిపించవు, ఎప్పుడో పొరపాటున పోతాయి. లైను విరుపును ఉన్నదున్నట్టు ఉంచే ఎక్స్‌టెన్షన్ ఒకటి పైథాన్ మార్క్‌డౌన్ లైబ్రరీలోనే ఉంది, దాని పేరు ఎన్‌ఎల్2బీఆర్. కవిత్వం రాసేవాళ్లు అది పెట్టుకోవడం మేలు. రెండోది సంవత్సరం. "1948. సెప్టెంబర్ 17న హైదరాబాద్ సంస్థానం..." అని పేరా మొదలుపెట్టారనుకోండి, అంకె, చుక్క, ఖాళీ చూసి మార్క్‌డౌన్ దాన్ని అంకెల జాబితా అనుకుంటుంది. పేజీలో 1948 కాస్తా 1 అయి కూర్చుంటుంది! చుక్కకు ముందు వెనక్కి వాలిన గీత ఒకటి పెడితే సరిపోతుంది.

పాత రాతల్ని తెచ్చుకోవడం

కొత్తగా రాయడం మొదలుపెట్టేవాళ్లు ఈ భాగం వదిలేయవచ్చు. కానీ హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి రాస్తున్నవాళ్లలో చాలామంది దగ్గర అనూ ఫాంట్లలో కంపోజ్ చేయించిన పేజ్‌మేకర్ ఫైళ్లు ఉంటాయి. మా వీధిలో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఉన్నారు. తన వ్యాస సంపుటి మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి నా చేతిలో పెట్టారు. "బాబూ, డీటీపీ అతను షాపు మూసేశాడు. నేను రాసింది నాకే తెరుచుకోవట్లేదు" అన్నారు. తెరిచి చూస్తే అంతా ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కలగాపులగం.

కారణం ఇదీ. అనూ లాంటి పాత ఫాంట్లలో కంప్యూటర్ దృష్టిలో తెలుగు అక్షరాలంటూ లేవు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కల బొమ్మలు కూర్చోబెట్టారు. ఆ ఫాంట్ ఉన్నచోట తెలుగులా కనిపిస్తుంది, లేనిచోట చెత్తలా కనిపిస్తుంది. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ తన సొంత సంఖ్య ఉంటుంది కాబట్టి ఈ గొడవ లేదు.

అనూ నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. పని చాలావరకు చేస్తాయి కానీ నమ్మి వదిలేయకండి. ఒత్తులు, గుణింతాల దగ్గర తప్పులు మిగిలిపోతాయి. మార్చిన ప్రతి వ్యాసాన్నీ అచ్చు ప్రతితో పక్కపక్కన పెట్టుకుని చదవాల్సిందే, దీనికి దగ్గరిదారి లేదు. అసలు ఫైలే దొరకకపోతే అచ్చు పేజీని స్కాన్ చేసి ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టే ప్రోగ్రాం, పెట్టుకోవచ్చు. టెసరాక్ట్ అనే ఉచిత ప్రోగ్రాంకి తెలుగు వచ్చు. పీడీఎఫ్ నుంచి తెలుగు కాపీ చేసుకోవడం మాత్రం చాలాసార్లు కుదరదు, ఒత్తులు ఎక్కడివక్కడ చెల్లాచెదురవుతాయి. అలాంటప్పుడు పీడీఎఫ్‌ని బొమ్మగా మార్చి ఓసీఆర్ చేస్తేనే మంచి ఫలితం వస్తుంది.

ఒకే మాటకు రెండు రూపాలు వచ్చే సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. "హైదరాబాద్" అన్న మాటనే తీసుకోండి. యూనికోడ్‌లో ఇందులో తొమ్మిది సంఖ్యలు ఉంటాయి. కానీ "హై"లోని ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వమూ దాని కింది పొడుగు గుర్తూ విడివిడిగా కలిపీ రాయొచ్చు. రెండో రకంలో పది సంఖ్యలు అవుతాయి. తెర మీద రెండూ ఒకటే. వెతికితే మాత్రం ఒకటి దొరికి ఇంకోటి దొరకదు. పైథాన్‌లో యూనికోడ్‌డేటా అనే మాడ్యూల్ ఉంది, అందులోని నార్మలైజ్ ఫంక్షన్‌కి ఎన్‌ఎఫ్‌సీ అని చెబితే అన్నిటినీ మొదటి రూపంలోకి తెస్తుంది. ఫైల్ చదవగానే ముందు ఈ పని చేయించండి.

ప్రోగ్రాం రాయడం

మీ ఫోల్డర్‌లో నాలుగు సబ్‌ఫోల్డర్లు పెట్టుకోండి: వ్యాసాలు, బొమ్మలు, టెంప్లేట్లు, తయారైన సైట్. మొదటి మూడూ మీరు మార్చేవి, నాలుగోది ప్రోగ్రాం మాత్రమే మార్చేది. నాలుగోదానిలో చేత్తో ఒక్క అక్షరం కూడా దిద్దకూడదు. దిద్దితే మళ్లీ నడిపినప్పుడు కొట్టుకుపోతుంది.

ఎందులో రాయాలి? నేను పైథాన్ అంటాను. తెలుగుతో బాగా సర్దుకుంటుంది, అవసరమైనదాంట్లో ఎక్కువ భాగం దానితోపాటే వస్తుంది, బయటి నుంచి తెచ్చుకోవాల్సింది మార్క్‌డౌన్ లైబ్రరీ ఒక్కటే. అమీర్‌పేటలో నేర్పే పెద్ద పెద్ద ఫ్రేమ్‌వర్కులు ఉద్యోగానికి పనికొస్తాయి, ఈ పనికి అవి బరువు. మీకు జావాస్క్రిప్టో, పీహెచ్‌పీయో బాగా వస్తే అందులోనే రాయండి. అలవాటైన భాషలో రాసిందే ఐదేళ్ల తర్వాత కూడా అర్థమవుతుంది.

ప్రోగ్రాం చేసే పనుల వరస ఇది. వ్యాసాల ఫోల్డర్‌లో ఉన్న ప్రతి ఫైల్‌నీ తెరుస్తుంది. మొదటి ఖాళీ లైను దగ్గర రెండుగా విడదీస్తుంది. పై భాగంలో ప్రతి లైనునూ మొదటి కోలన్ దగ్గర విరిచి, పేరు ఒకవైపు, విలువ ఇంకోవైపు పెట్టుకుంటుంది. మొదటి కోలన్ దగ్గరే, గుర్తుంచుకోండి. శీర్షికలో ఇంకో కోలన్ ఉండొచ్చు. స్థితి "చిత్తు" అని ఉన్నవాటిని పక్కన పెడుతుంది. మిగిలినవాటి కింది భాగాన్ని మార్క్‌డౌన్ నుంచి బ్రౌజర్ చదివే హెచ్‌టీఎంఎల్‌గా మారుస్తుంది. దాన్ని టెంప్లేట్‌లో ఇమిడ్చి, తయారైన సైట్ ఫోల్డర్‌లో రాస్తుంది. చివరగా తేదీల వరసలో పేర్చి మొదటి పేజీని, కొత్త వ్యాసాల జాబితాను పాఠకుల యాప్‌లకు అందించే ఫీడ్ అనే ఫైల్‌ని తయారుచేస్తుంది. ఇంతే సైట్.

ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్, అంటే అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి, యూటీఎఫ్-8 అని ప్రతిచోటా స్పష్టంగా చెప్పండి. విండోస్‌లో పైథాన్ చాలాకాలంగా అలా చెప్పకపోతే సిస్టమ్ సొంత ఎన్‌కోడింగ్ వాడుతూ వచ్చింది, అందులో తెలుగుకు చోటే లేదు. లైనక్స్‌లో బాగా నడిచిన ప్రోగ్రాం విండోస్‌లో తెలుగు దగ్గరకొచ్చేసరికి ఆగిపోవచ్చు, లేదా చెత్త అక్షరాలు చూపించవచ్చు. ఇంకో చిక్కు, పాత నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసిన ఫైళ్ల మొదట్లో బీఓఎం అనే కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది. దానివల్ల "శీర్షిక" అన్న మాట ప్రోగ్రాంకి "శీర్షిక"లా కనిపించదు, ఫైల్ మొదట్లో శీర్షిక లేదంటుంది, మీరు కళ్లు చిల్లులు పడేలా చూసినా తేడా దొరకదు. చదివేటప్పుడు యూటీఎఫ్-8-సిగ్ అని పెడితే ఆ గుర్తు ఉన్నా లేకపోయినా సరిగ్గా చదువుతుంది.

టెంప్లేట్‌కి జింజా లాంటి లైబ్రరీ తెచ్చుకోవచ్చు. ఒక్కరి సైట్‌కి పైథాన్‌తో వచ్చే స్ట్రింగ్ టెంప్లేట్ చాలు: హెచ్‌టీఎంఎల్ పేజీలో డాలర్ గుర్తుతో ఖాళీలు వదులుతాం, ప్రోగ్రాం వాటిని నింపుతుంది. శీర్షికను అందులో పెట్టే ముందు హెచ్‌టీఎంఎల్ ఎస్కేప్ ఫంక్షన్ గుండా పంపండి. లేకపోతే శీర్షికలో వచ్చిన ఒక్క కోణపు బ్రాకెట్ పేజీ మొత్తాన్ని చెడగొడుతుంది.

నెలల పేర్ల కోసం సిస్టమ్ లొకేల్, అంటే కంప్యూటర్‌లోని భాష సెట్టింగ్, జోలికి పోకండి. ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కోలా ఉంటుంది. జనవరి నుంచి డిసెంబర్ దాకా పన్నెండు పేర్లు ప్రోగ్రాంలోనే ఒక జాబితాగా రాసుకుంటే ఎప్పటికీ చెక్కుచెదరదు.

ఫీడ్ తప్పకుండా పెట్టండి. ఏ కంపెనీ అల్గారిదం మధ్యలో దూరకుండా, కొత్త వ్యాసం నేరుగా పాఠకుడికి చేరే దారి అది. 2005లో ప్రామాణికమైన యాటమ్ పద్ధతి తేలిక. ఫీడ్‌లో ప్రతి వ్యాసానికీ ఒక ఐడీ ఉంటుంది, అది ఒకసారి ఇచ్చాక మారకూడదు. మారిందా, పాత వ్యాసాలన్నీ పాఠకుల దగ్గర కొత్తవాటిలా మళ్లీ ప్రత్యక్షమవుతాయి. సమయం రాసేటప్పుడు మన కాలమానం తేడా +05:30 కలపడం మరిచిపోకండి.

తప్పులు పట్టే పని కూడా ప్రోగ్రాంకే అప్పజెప్పండి. నా దృష్టిలో సొంత ప్రోగ్రాం రాసుకోవడంలో అసలు సుఖం ఇక్కడే ఉంది. శీర్షిక లేని ఫైల్ కనబడితే ఆగిపోవాలి. రెండు వ్యాసాలకు ఒకే చిరునామా ఉంటే ఆగిపోవాలి. వ్యాసంలో ఇచ్చిన లింకు మన సైట్‌లోనే లేని పేజీకి పోతుంటే ఆగిపోవాలి. ఆగినప్పుడు "ఫలానా ఫైల్, ఫలానా లైను, ఇదీ తప్పు" అని తెలుగులోనే చెప్పేలా రాయండి. మాస్టారి కోసం రాసినదాంట్లో "తేదీ రాయడం మరిచారు" అని వస్తుంది. ఆయన ఎవర్నీ పిలవకుండా తనే దిద్దుకుంటారు.

తయారయ్యాక చూసుకోవడానికి పైథాన్‌లోనే చిన్న హెచ్‌టీటీపీ సర్వర్ ఉంది. దాన్ని నడిపి బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 8000 తెరిస్తే సైట్ ఎలా ఉంటుందో అలాగే కనిపిస్తుంది. ఫైల్‌ని డబుల్ క్లిక్ చేసి చూడొద్దు, లింకులు సరిగ్గా పనిచేయవు.

ప్రోగ్రాంని ఏఐతో రాయించుకోవచ్చా? రాయించుకోండి, తప్పేం లేదు. కానీ ప్రతి లైనూ ఏం చేస్తుందో మీరు పక్కవాళ్లకు చెప్పగలగాలి. చెప్పలేని లైను ఉంటే తీసేయండి, లేదా అర్థమయ్యేదాకా అడగండి. మీకు అర్థం కాని ప్రోగ్రాం మీ కంప్యూటర్‌లో ఉన్నా మీది కాదు.

తెలుగు కంటికి ఇంపుగా కనిపించాలంటే

ఇంటర్నెట్‌లో దొరికే డిజైన్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల కొలతలతో చేసినవి. వాటిని అలాగే తెచ్చి తెలుగు పోస్తే ఒకదాని ఒత్తు కింది లైను గుడిని గుద్దుకుంటుంది. మన అక్షరం పైకీ కిందికీ రెండువైపులా పెరుగుతుంది. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం ఎంత ఎత్తు ఆక్రమిస్తుందో చూడండి. అందుకే లైన్ హైట్, అంటే ఒక్కో లైనుకు ఇచ్చే ఎత్తు, అక్షరాల సైజుకు 1.7 రెట్ల దగ్గర మొదలుపెట్టండి, ఫాంట్‌ని బట్టి కాస్త అటూ ఇటూ జరపండి. అక్షరాల సైజు కూడా ఇంగ్లిష్ కన్నా ఒక మెట్టు ఎక్కువ కావాలి. పెద్దవాళ్లు ఫోన్లో చదువుతారు.

ఇటాలిక్ వద్దు. తెలుగు అచ్చులో వాలు అక్షరాల సంప్రదాయం లేదు, బ్రౌజర్ బలవంతంగా వంచిన అక్షరం చూడ్డానికి బాగుండదు. నొక్కి చెప్పాలంటే బొద్దు అక్షరాలు చాలు. రెండువైపులా అంచు కలిపే జస్టిఫై కూడా వద్దు. మన మాటలు పొడుగు, ఫోన్ తెర సన్నం, మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు పడతాయి. అక్షరాల మధ్య దూరం పెంచే సెట్టింగ్‌ని ముట్టుకోవద్దు.

ఫాంట్ విషయంలో నా సలహా చాలామంది డిజైనర్లకు నచ్చకపోవచ్చు: ఏ ఫాంటూ పంపకండి. విండోస్‌లో నిర్మలా యూఐ, ఇంకా పాతవాటిలో గౌతమి, ఆండ్రాయిడ్‌లో నోటో, ఆపిల్ పరికరాల్లో కోహినూర్ తెలుగు ముందే ఉన్నాయి. అవి చదువుకోవడానికి బాగుంటాయి, ఒక్క కిలోబైట్ కూడా దిగుమతి అక్కర్లేదు. శీర్షికలకు మాత్రం కాస్త అందం కావాలనుకుంటే మండలి, రామభద్ర, సూరన్న లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. ఒకటి ఎంచుకుని, ఫైల్ దించుకుని మీ సైట్‌లోనే పెట్టుకోండి. సైజు తగ్గించడానికి ఫాంట్‌ని కత్తిరించే పనిముట్లు ఉన్నాయి కానీ తెలుగుకు జాగ్రత్త. ఒత్తులు కలిపే పట్టికలు ఫాంట్ లోపల ఉంటాయి, అవి తెగిపోతే "అమ్మ" కాస్తా "అమ్‌మ" అవుతుంది.

పేజీ పైభాగంలో భాష తెలుగు అని, అంటే టీ, ఈ అనే రెండక్షరాల కోడ్‌తో, తప్పక చెప్పండి. కళ్లు కనిపించనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ దాన్ని చూసే తెలుగు గొంతుకు మారుతుంది. ఎన్‌కోడింగ్ చెప్పే లైను కూడా పేజీ మొదట్లోనే, మొదటి 1024 బైట్లలోపు ఉండాలి.

చిరునామాలు, ఫొటోలు

చిరునామా ఇంగ్లిష్ అక్షరాల్లో ఎందుకన్నానంటే, యూటీఎఫ్-8లో తెలుగు అక్షరాల ఒక్కో యూనికోడ్ సంఖ్యకు మూడు బైట్లు పడతాయి, లింకులో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. అంటే "హైదరాబాద్" అన్న ఒక్క మాట వాట్సాప్‌లో అతికించేసరికి 81 అక్షరాల శాతం గుర్తుల వరస కావచ్చు. చూసినవాళ్లు వైరస్ లింకేమో అనుకుని నొక్కరు. చిన్న మాట, అన్నీ చిన్న అక్షరాలు, మధ్యలో హైఫన్, ఇంతవరకే.

ఒకసారి ప్రచురించిన చిరునామాను ఇక మార్చకండి. శీర్షిక మార్చినా చిరునామా అలాగే ఉండాలి. అందుకే దాన్ని శీర్షిక నుంచి తయారుచేయకుండా విడిగా రాయమన్నాను. మార్చక తప్పని పరిస్థితి వస్తే పాత చిరునామాలో కొత్తదానికి పంపే చిన్న పేజీ ఒకటి ప్రోగ్రాం తయారుచేయాలి.

వెతికే సదుపాయం పెడితే, పేజీలోని మాటల్నీ పాఠకుడు కొట్టిన మాటనీ పోల్చే ముందు రెండిట్లోనూ జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తును తీసేయండి. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో "ఫ్ట్" పక్కన "వే" ఒత్తుగా మారకుండా ఆపేది అదే. కొందరు దాన్ని కొడతారు, కొందరు కొట్టరు, వెతుకులాటలో ఇద్దరికీ ఫలితం రావాలి.

ఫొటోల్ని ఫోన్ నుంచి తెచ్చినవి తెచ్చినట్టు పెట్టొద్దు. ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటుంది, లొకేషన్ ఆన్‌లో ఉంటే తీసిన చోటి జీపీఎస్ వివరాలు కూడా లోపల ఉంటాయి. ఇంట్లో తీసిన ఫొటో మీ ఇంటి అడ్రస్ చెప్పేస్తుంది. పైథాన్‌లో పిల్లో లైబ్రరీతో వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి, ఆ వివరాలు లేకుండా కొత్త ఫైల్‌గా సేవ్ చేయించండి. తగ్గించే ముందు ఫొటో దిశ సరిచేయడం మరవద్దు, లేకపోతే నిలువు ఫొటోలు పడుకుంటాయి. పిల్లో వాడితే బయటి లైబ్రరీలు రెండవుతాయి, అక్కడితో ఆగండి.

ఎక్కడ పెట్టాలి

తయారైన ఫోల్డర్‌ని గిట్‌హబ్ పేజెస్, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్, నెట్లిఫై లాంటివాటిలో ఉచితంగా పెట్టుకోవచ్చు. గిట్‌హబ్ పేజెస్‌లో సైట్ 1 జీబీ దాటకూడదు, వ్యాసాలకు అది జీవితకాలం సరిపోతుంది. ఉచిత ఖాతాలో రిపాజిటరీ, అంటే అక్కడ మీ ఫైళ్లుండే ఫోల్డర్, పబ్లిక్‌గా ఉండాలి. అంటే "చిత్తు" అని రాసిపెట్టుకున్న వ్యాసాలు కూడా చూసేవాళ్లకు కనిపిస్తాయి. చిత్తు ఫైళ్లను విడిగా ఉంచి, తయారైన సైట్ ఫోల్డర్ ఒక్కటే అక్కడికి పంపండి. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ ఈ సర్వీసులే చూసుకుంటాయి.

ఇంట్లో రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పెట్టి సొంత సర్వర్ నడపాలని కొందరికి సరదా. నేర్చుకోవడానికి చాలా మంచిది. కానీ ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్లలో చాలావాటికి విడి పబ్లిక్ ఐపీ ఉండదు, సీజీనాట్ అనే పద్ధతిలో ఒకే ఐపీని ఎంతోమందికి కలిపి ఇస్తారు, బయటివాళ్లు మీ ఇంటి సర్వర్‌ను చేరలేరు. స్టాటిక్ ఐపీకి అదనంగా కట్టాలి. కరెంటు పోతే సైట్ కూడా పోతుంది. నలుగురు చదివే సైట్‌కి ఇది వద్దు. లైనక్స్ నేర్చుకోవాలనుంటే గచ్చిబౌలిలోని స్వేచ్ఛ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థలవాళ్లతో పరిచయం పెంచుకోండి.

డొమైన్ పేరు మాత్రం డబ్బు పెట్టి కొనండి. హోస్టింగ్ కంపెనీ రేపు మూతపడినా, పేరు మీదైతే సైట్‌ని ఇంకోచోటికి మార్చినట్టు పాఠకులకు తెలియనే తెలియదు. డాట్ ఇన్ మంచి ఎంపిక. కొనేముందు మొదటి ఏడాది ధర కాదు, రెన్యువల్ ధర చూడండి. మొదటిది ఆఫర్, రెండోది అసలు. తెలుగు లిపిలో డాట్ భారత్ పేరు కూడా దొరుకుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ ఇంకా చాలా యాప్‌లు దాన్ని లింకుగా గుర్తించవు. ఉంటే ఉండనివ్వండి, అసలు చిరునామా మాత్రం డాట్ ఇన్‌లో పెట్టుకోండి.

రెన్యువల్‌ని ఆటో పే మీద వదిలేయకండి. 2021 అక్టోబర్ 1 నుంచి అమలైన రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం కార్డు మీద పదేపదే జరిగే చెల్లింపులకు ముందుగా మన అనుమతి నమోదు కావాలి. ఆ ఏర్పాటు లేని కంపెనీల దగ్గర, ముఖ్యంగా విదేశీ కంపెనీల దగ్గర, చెల్లింపు ఆగిపోతుంది. మెయిల్ వస్తుంది, అది స్పామ్‌లో పడుతుంది, పేరు చేజారుతుంది. ఒకేసారి పదేళ్ల దాకా కట్టుకోవచ్చు. స్తోమత ఉంటే ఐదేళ్లకు కట్టేయండి.

నడుపుకోవడం

కట్టడం కన్నా ఇది ముఖ్యం, ఎవరూ రాయనిదీ ఇదే. ప్రతి మార్పునూ గిట్‌లో నమోదు చేయండి. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రాసిన ఈ సాధనం వల్ల ఏ రోజు ఏ అక్షరం మారిందో వెనక్కి చూడొచ్చు. కానీ గిట్ మీ లాప్‌టాప్‌లోనే ఉంటే అది బ్యాకప్ కాదు. మూడు ప్రతులు ఉండాలి, రెండు వేర్వేరు రకాల పరికరాల్లో ఉండాలి, ఒకటి ఇంటి బయట ఉండాలి. 2020 అక్టోబర్ వానలకు నగరంలో కాలనీలకు కాలనీలు మునిగినప్పుడు గ్రౌండ్ ఫ్లోర్‌లో కంప్యూటరూ, పక్కనే బీరువాలో బ్యాకప్ డిస్కూ పెట్టుకున్నవాళ్ల పరిస్థితి ఊహించుకోండి. ఒక ప్రతి ప్రైవేట్ రిపాజిటరీలో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న చుట్టాల ఇంట్లో పెన్‌డ్రైవ్‌లో ఉంటే ఆ భయం లేదు.

ఏడాదికోసారి సమగ్రంగా చూసుకోవడానికి దసరాను మించిన రోజు లేదు. ఆయుధ పూజ నాడు పనిముట్లన్నీ తుడిచి బొట్టు పెడతాం కదా, సైట్‌కి కూడా అదే రోజు. పైథాన్ కొత్త వెర్షన్ ఏటా అక్టోబర్‌లో వస్తుంది కాబట్టి కాలం కూడా కలిసొస్తుంది. ఒక్కో వెర్షన్‌కి ఐదేళ్ల పాటు భద్రతా దిద్దుబాట్లు ఉంటాయి, అందుకని ఏటా మారాల్సిన పనిలేదు, ఉన్నదానికి గడువు ఎంతుందో చూసుకుంటే చాలు. బయటి లైబ్రరీల వెర్షన్ సంఖ్యల్ని ఒక ఫైల్‌లో కచ్చితంగా రాసి పెట్టుకోండి. వాటిని ఈ ఒక్కరోజే మార్చండి. మార్చే ముందు తయారైన సైట్‌ని పక్కన దాచి, మార్చాక మళ్లీ తయారుచేసి, రెండు ఫోల్డర్లనూ పోల్చండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఎందుకొచ్చిందో తెలియాలి.

ఆ రోజే చేయాల్సిన ఇంకో పని, బ్యాకప్ నుంచి సైట్‌ని వేరే కంప్యూటర్‌లో మొదటి నుంచి నిలబెట్టడం. మీ లాప్‌టాప్ ముట్టుకోకూడదు. ఇంట్లో పిల్లల కంప్యూటర్ అయినా సరే. పెన్‌డ్రైవ్ పెట్టి, పైథాన్ వేసి, ప్రోగ్రాం నడిపి, పేజీ తెరుచుకుంటేనే మీకు బ్యాకప్ ఉన్నట్టు. తెరుచుకోకపోతే ఏది లేదో అప్పటికప్పుడే దొరుకుతుంది: ఒక ఫొటో ఫోల్డరో, టెంప్లేటో, మీ లాప్‌టాప్‌లో మాత్రమే ఉన్న ఒక సెట్టింగో.

బయటి సైట్లకు ఇచ్చిన లింకులు కొన్నేళ్లకు చచ్చిపోతాయి. వ్యాసం ప్రచురించిన రోజే, అందులో ఆధారంగా చూపిన పేజీల్ని ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో సేవ్ చేయించండి. మీ వ్యాసాన్ని కూడా. తర్వాత లింకు పోయినప్పుడు ఆ ప్రతికి మళ్లించవచ్చు.

కొత్త హంగులు కలపాలన్న కోరిక ఎప్పుడూ ఉంటుంది. ప్రోగ్రాంలో ఒక కొత్త లైను రాసే ముందు, దాన్ని పదేళ్లు మీరే మోయాలని గుర్తుంచుకోండి. ఏడాదిగా మీరు వాడని సదుపాయం ఏదైనా ఉంటే దసరా నాడు తీసేయండి.

చివరగా, మీకు వీలుకానప్పుడు ఎవరు చూస్తారో తేల్చుకోండి. ఒక కాగితం మీద తెలుగులో రాయండి: డొమైన్ ఎక్కడ కొన్నారు, ఏ మెయిల్‌తో కొన్నారు, ఎప్పటిదాకా కట్టారు, ఫైళ్లు ఎక్కడున్నాయి, కొత్త పేజీ ఎలా తయారుచేయాలి. పాస్‌వర్డ్‌లు ఆ కాగితం మీద రాయకుండా పాస్‌వర్డ్ మేనేజర్‌లో పెట్టి, దాన్ని తెరిచే విధానం ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. మాస్టారి ఇంట్లో ఆ కాగితం ఆయన మనవరాలి దగ్గర ఉంది. కిందటిసారి ఒక వ్యాసాన్ని ఆమె చేతే ఎక్కించాం, కాగితం చూసుకుంటూ. మధ్యలో ఒక మెట్టు దగ్గర ఆగిపోయింది, ఆ మెట్టు కాగితం మీద లేదు. అక్కడే పెన్ను తీసి రాసింది. మీరూ అలాగే, కాగితాన్ని ఇంకొకరి చేత ఒకసారి నడిపించి చూడండి, పైన తేదీ వేయండి, ఏదైనా మారితే కొత్తది రాసి పాతది చించేయండి.